దేవుడి గదిలో దీపకాంతి: చీకటిని కాపాడితేనే ఫోటోకు కళ

మన వీడియోల కింద మీరు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “వీడియోలో దేవుడి గది కలలో చూసినట్టు మెత్తగా వెలుగుతూ ఉంటుంది. మా ఫోన్‌లో తీస్తే మాత్రం ట్యూబ్‌లైటు కింద తీసినట్టు తెల్లగా వస్తుంది, ఎందుకు?” ఈరోజు పాఠం దాని గురించే. పెద్ద కెమెరా ఏమీ అక్కర్లేదు. ఫోన్, ఒక దీపం, కాస్త ఓపిక ఉంటే చాలు.

అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: వెలుగు ఇచ్చేది దీపమే, కానీ ఆ వెలుగు కంటికి ఆనాలంటే చుట్టూ చీకటి ఉండాలి. ఫోటోగ్రఫీలో కాంట్రాస్ట్, గ్లో అనే రెండు మాటలకూ అసలు అర్థం ఇదే.

గుడి చెప్పే పాఠం

ఈ సంగతి నాకు బాగా అర్థమైంది కడప దగ్గర ఒంటిమిట్ట కోదండరామాలయంలో. మిట్టమధ్యాహ్నం ఆ ప్రాకారంలో నిలబడితే సీమ ఎండకు కళ్లు తెరవలేం. అక్కడి నుంచి 32 స్తంభాల మండపంలోకి అడుగుపెడతాం. వెలుగు ఒక్కసారిగా తగ్గుతుంది. స్తంభాల మీది శిల్పాలకు ఒక పక్కనే ఎండ పొడ తగులుతుంది, రెండో పక్క నీడలో ఉండిపోతుంది. ఇంకా లోపలికి వెళ్తే అంతరాలయం, ఆ తర్వాత గర్భగుడి. అక్కడ దీపం ఒక్కటే. హారతి వెలిగించగానే ఒకే శిలలో కొలువైన సీతారామలక్ష్మణులు ఆ చీకట్లోంచి మన ముందుకు వచ్చినట్టు అనిపిస్తుంది.

దీని వెనుక కంటి సంగతి కూడా ఉంది. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. గుడిలో అడుగడుక్కీ వెలుగు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఆ పని దారిలోనే మొదలవుతుంది. అందుకే చిన్న కర్పూరపు మంట కూడా అంత గొప్పగా కనిపిస్తుంది. అదే హారతి మిట్టమధ్యాహ్నం ఆరుబయట పడితే మంటే సరిగ్గా కనిపించదు. చాలాచోట్ల సీతారామ కల్యాణం పగలు చేస్తారు, ఒంటిమిట్టలో మాత్రం రాత్రి వెన్నెల్లో చేస్తారు. వెలుగును ఎలా చూడాలో తెలిసిన ఊరు కదా!

గర్భగుడిలో మాత్రం ఫోటో తీయకూడదు. ఆ నియమాన్ని మనస్ఫూర్తిగా పాటిద్దాం. అక్కడ కళ్లతో నేర్చుకుని, ఇంట్లో ఫోన్‌తో సాధన చేద్దాం.

నల్లబండ మనకు వరం

కర్నూలు, కడప వైపు పాత మిద్దెల్లో గోడలు మందంగా ఉంటాయి, కిటికీలు చిన్నవి. కొన్ని ఇళ్లలో పైకప్పుకు గవాక్షి ఉంటుంది. ఆ కంతలోంచి ఎండ ఒక స్తంభంలా కిందికి దిగుతుంది. సాంబ్రాణి పొగ అందులోకి చేరిందంటే ఇక ఎడిటింగ్‌తో పనే లేదు. పొగలోని సన్నని కణాలు వెలుగును చెదరగొడతాయి, మనం గ్లో అంటున్నది అదే.

“మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ అండి” అంటారా? పర్వాలేదు. మీ వంటింట్లోనో, దేవుడి గూట్లోనో కడప బండ ఉండే ఉంటుంది. నున్నగా పాలిష్ పెట్టిన ఆ నల్ల సున్నపురాయి మీద దీపం పెట్టి చూడండి. మంట కింద ఇంకో మంట నీళ్లలోలా కనిపిస్తుంది, మిగతా బండంతా నల్లగానే ఉంటుంది. తెల్ల టైల్స్ మీద ఇది రాదు. అవి దీపం వెలుగును గదంతా చిమ్మి చీకటిని చెడగొడతాయి. టైల్స్ తప్ప ఇంకేం లేకపోతే ముదురు రంగు పట్టుచీర మడత ఒకటి వెనకాల వేయండి, దీపానికి బాగా ఎడంగా మాత్రం ఉంచండి.

తీసే పద్ధతి

1. సమయం: సందె దీపం పెట్టే వేళే సరైనది. సూర్యుడు దిగాక పది, పదిహేను నిమిషాలకు కిటికీలోంచి వచ్చే వెలుగు నీలంగా ఉంటుంది, దీపం బంగారు రంగులో ఉంటుంది. ఆ రెండు రంగుల తేడా కూడా కాంట్రాస్టే.

2. లైట్లు: ట్యూబ్‌లైటు, సీరియల్ బల్బులు, ఫ్లాష్ అన్నీ ఆపేయండి. హెచ్‌డీఆర్, నైట్ మోడ్ కూడా ఆపండి. ఫోన్ మంచి చేస్తున్నాననుకుని నీడల్ని తేల్చేస్తుంది.

3. ఎక్స్‌పోజర్: మంట పక్కనున్న వెలుగు మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే లాక్ అవుతుంది. తర్వాత సూర్యుడి గుర్తును కిందికి లాగండి. మంట తెల్లటి ముద్దలా కాకుండా ఆకారంతో కనిపించేదాకా తగ్గించాలి.

4. రంగు: నూనె దీపం వెలుగు సుమారు 1,900 కెల్విన్, పగటి ఎండ సుమారు 5,500. ఫోన్ ఆటోలో ఉంటే ఆ బంగారు రంగును తెల్లగా మార్చబోతుంది. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ 3,000, 3,500 మధ్య పెట్టండి.

5. కదలకుండా: ట్రైపాడ్ లేకపోతే ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, టైమర్ పెట్టి తీయండి.

6. దీపం చోటు: విగ్రహానికి ఎదురుగా కాదు, కాస్త పక్కన ఉంచండి. ముఖానికి ఒకవైపే వెలుగు పడితే కనుముక్కు తీరు తెలుస్తుంది.

గ్లో కలిపే విద్య

ఈ కలలాంటి మెత్తదనానికి ఒక పేరుంది: ఆర్టన్ ఎఫెక్ట్. కెనడా ఫోటోగ్రాఫర్ మైకేల్ ఆర్టన్ 1980లలో స్లైడ్ ఫిల్ముతో దీన్ని చేశారు. ఒకే దృశ్యాన్ని రెండుసార్లు తీస్తారు, ఒకటి స్పష్టంగా, ఇంకొకటి ఫోకస్ తప్పించి మసకగా. ఆ రెండు ఫిల్ముల్నీ ఒకదాని మీద ఒకటి పెడితే గీతలు మొదటి దాంట్లోంచి, మెత్తదనం రెండో దాంట్లోంచి వస్తాయి. రెండు ఫిల్ముల నల్లదనం కలిసి బొమ్మ మరీ చీకటైపోతుంది కాబట్టి రెండింటినీ ముందే ఎక్కువ వెలుగుతో తీసేవారు.

ఇప్పుడు మనకు స్నాప్‌సీడ్‌లో గ్లామర్ గ్లో అనే టూల్ ఉంది, అది ఇలాంటి మెత్తదనమే ఇస్తుంది. కంప్యూటర్‌లో అయితే ఫోటోకు ఇంకో లేయర్ చేసి, దాన్ని బ్లర్ చేసి, సాఫ్ట్ లైట్‌లో పెట్టి, 15 నుంచి 25 శాతం మాత్రం కనిపించనివ్వండి. స్క్రీన్ మోడ్ వాడితే నీడలు బూడిద రంగుకు తిరుగుతాయి. అప్పుడు కర్వ్స్‌లో ఎడమ కింది భాగాన్ని కొంచెం కిందికి లాగండి, నలుపు మళ్లీ నలుపవుతుంది. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే ఫోటో పొగమంచులో తీసినట్టు ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. దేవుడి కళ్ల దగ్గర గ్లో తగ్గించండి. చూపు స్పష్టంగా ఉంటేనే మిగతా మెత్తదనానికి విలువ.

ఎక్కడ ఆపాలి?

టెక్నిక్ కంటే ఇది ముఖ్యం, అందుకే చివర్లో చెప్తున్నాను. గ్లో దీపంలోంచి పుట్టాలి. దీపం లేనిచోట, విగ్రహం వెనకాల కాంతి వలయం అతికించి “అమ్మవారి మహిమ” అని పంపితే అది ఫోటో కాదు, అబద్ధం. మనకు అది సరదా ఎడిటింగ్ కావచ్చు. కానీ ఊళ్లో మన అవ్వ ఆ ఫోటోను వాట్సాప్‌లో చూసి, ఫోన్‌ను కళ్లకద్దుకుని, పది మందికి చెప్తుంది. ఆమె నమ్మకం మన ఫిల్టర్ కంటే పెద్దది. దాంతో ఆడుకునే హక్కు మనకు లేదు.

నేను పెట్టుకున్న కొలత ఒకటే. ఆ సాయంత్రం ఆ గదిలో నాతో కూర్చున్నవాళ్లు ఫోటో చూసి “అవును, ఇలాగే ఉండింది” అనాలి. “ఇదెక్కడిది?” అని అడిగారంటే ఎడిటింగ్ ఎక్కువైనట్టే. ఒకవేళ గట్టిగా ఎడిట్ చేసి ఎవరికైనా పంపితే, ఎడిట్ చేశానని ఒక మాట రాయండి. భక్తి ఏమీ తగ్గదు.

మీకు ఈ వారం సాధన: శుక్రవారం సందె వేళ ఒకే ప్రమిదతో మూడు ఫోటోలు తీయండి. ఒకటి లైట్లన్నీ వేసి, ఒకటి దీపంతోనే, ఒకటి దీపంతో సాంబ్రాణి పొగ కలిపి. మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. అయితే ముందు దండం పెట్టుకోండి, ఆ తర్వాతే ఫోన్ తీయండి. శుభం.