టీకాల దానము: గ్రామములకు పాఠము

దానమిచ్చిన ఆవునకు పండ్లు లెక్కింపరాదని మన పెద్దలు చెప్పుదురు. ఉచితముగా లభించిన వస్తువునందు లోపముల నెంచుట మర్యాద కాదని దీని భావము. కాని దానముగా వచ్చినది టీకా మందైనచో ఈ సామెత చెల్లదు. దాని గడువు తేదీని చూడవలెను. నిలువ చేయుటకు తగిన చల్లదనము కలదో లేదో చూడవలెను. వేయువారును, వేయించుకొనువారును సిద్ధముగా నున్నారో లేదో చూడవలెను. కోవిడ్ కాలమున అనేక దేశములు ఈ సత్యమును మిక్కిలి నష్టపడి తెలిసికొన్నవి. ఆ అనుభవము పంచాయతీ సభ్యులకు ఉపయోగించునది గనుక ఇచ్చట వివరింపబడుచున్నది.

కలిమి గలచోట మిగులు, లేమి గలచోట కొరత

సంపన్న దేశములు టీకా తయారు కాక పూర్వమే కంపెనీలతో ఒడంబడికలు చేసికొని, తమ జనసంఖ్యకు వలసిన దానికంటె ఎక్కువ మోతాదులను కొనియుంచినవి. 2021 జనవరి 18వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ ఒక లెక్కను ప్రకటించెను. అప్పటికి 49 సంపన్న దేశములలో 3 కోట్ల 90 లక్షల మోతాదులు వేయబడెను. మిక్కిలి బీద దేశములలో ఒక దానిలో వేయబడినవి 25 మోతాదులు మాత్రమే.

ఈ వ్యత్యాసమును తగ్గించుటకై ప్రపంచ ఆరోగ్య సంస్థ, గావి, సెపీ, యూనిసెఫ్ కలిసి 'కోవాక్స్' అను ఏర్పాటును నడిపినవి. దాని క్రింద మొదటి సరకు 2021 ఫిబ్రవరి 24న ఆఫ్రికాలోని ఘనా దేశమునకు చేరెను. ఆ 6 లక్షల మోతాదులు మన దేశమున పూనా నగరమందలి సీరం సంస్థలో తయారైనవే. పిమ్మట భారతదేశమున రెండవ వెల్లువ విజృంభించుటచే, తయారైన మందు స్వదేశమునకే అవసరమై, విదేశములకు పోవుట నిలిచిపోయెను. కోవాక్స్‌కు కొరత యేర్పడెను.

ఆ తరుణమున అమెరికా ముందుకు వచ్చినది. 2021 జూన్ 10న నాటి అధ్యక్షుడు జో బైడెన్, 50 కోట్ల ఫైజర్ మోతాదులను కొని 92 అల్పాదాయ, దిగువ మధ్యాదాయ దేశములకును, ఆఫ్రికా సంఘమునకును ఉచితముగా ఇత్తుమని ప్రకటించెను. సెప్టెంబరు 22న మరి 50 కోట్లను చేర్చెను. తుదకు ఆ దేశమునుండి నూరింటికి మించిన దేశములకు దాదాపు 70 కోట్ల మోతాదులు చేరెను. కోవిడ్ టీకాల దానమున ఇదియే అగ్రస్థానము. అయినను వాగ్దానమునకును, చేరిన దానికిని నడుమ వ్యత్యాసము కలదు. 2022 నాటికి మందు సమృద్ధి యగుసరికి అనేక దేశములలో దానిని కోరువారు తగ్గిరి. పైరు ఎండిన పిదప కురిసిన వాన కొంత వృథా యగుట సహజమే గదా!

గడువు తీరిన మందు

ఆలస్యము కంటె హాని చేసినది గడువు. 2021 మార్చి నెలలో ఆఫ్రికా సంఘము ద్వారా మలావీ దేశమునకు 1,02,000 మోతాదులు వచ్చెను. వాని గడువునకు మిగిలినవి 18 దినములే. అధికారులు శ్రమించి అధికభాగము వేయించిరి గాని, దేశమున మిగిలిపోయి గడువు తీరిన 19,610 మోతాదులను మే 19న బహిరంగముగా దహనము చేసిరి. చెడిన మందు ఎవరికిని వేయబడదని ప్రజలకు నమ్మకము కలిగించుటయే వారి ఉద్దేశము.

నవంబరు 29న కోవాక్స్, ఆఫ్రికా ఆరోగ్య సంస్థలు ఉమ్మడి ప్రకటన చేయుచు దాతలను ఇట్లు కోరినవి: మందు దేశమునకు చేరునాటికి కనీసము 10 వారముల గడువు మిగిలియుండవలెను; చేరుటకు 4 వారములు ముందుగా తెలుపవలెను; సిరంజిలు మొదలగు పరికరములను కూడ పంపవలెను. ఆ డిసెంబరు నెలలోనే బీద దేశములు 10 కోట్లకు మించిన మోతాదులను, ముఖ్యముగా గడువు చాలదని, నిరాకరించినవి. అదే నెల 22న నైజీరియా ప్రభుత్వము గడువు తీరిన 10 లక్షలకు పైబడిన మోతాదులను నాశనము చేసెను.

సిద్ధతయే ప్రధానము

కాంగో ప్రజాతంత్ర గణరాజ్యమునకు 17 లక్షల మోతాదులు రాగా, గడువులోగా వేయజాలక సుమారు 13 లక్షలను ఇతర దేశములకు మరలించిరి. అందు 3 లక్షల 50 వేలు 2021 మే నెలలో ఘనాకు చేరెను. ఘనా అధ్యక్షుడు ప్రజల భయము పోగొట్టుటకై మార్చి 1ననే అందరి యెదుట తాను మొదట టీకా వేయించుకొనెను. దారి లేని పల్లెలకు మందును డ్రోనులచే పంపిరి. ఒకచోట నిలిచిపోయిన మందు మరియొకచోట ప్రాణరక్షకమైనది.

పంచాయతీల కర్తవ్యము

నేడు మన బిడ్డలకు వేయు టీకాలలో అధికభాగము ప్రజాధనముతో కొనబడినవే. పారవేసిన ప్రతి సీసాయు మన సొమ్మే. కావున సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. టీకా దినమును ఎ.ఎన్.ఎం. వలన ముందుగా తెలిసికొని, రెండు దినములకు ముందే దండోరా వేయింపవలెను. ఊరికి దూరముగా నున్న వాడలను, వలస వచ్చిన కుటుంబములను మరువరాదు.

2. ఆశా కార్యకర్త వ్రాసిన పిల్లల జాబితాను, గర్భిణుల జాబితాను వార్డుల వారీగా సరిచూడవలెను.

3. బి.సి.జి., తట్టు టీకాల సీసాలను విప్పిన పిదప 4 గంటలలో వాడవలెను, మిగిలినది పారవేయవలసినదే. తల్లులు ఒకే వేళకు వచ్చునట్లు చేసినచో నష్టము తగ్గును. అయితే వచ్చిన బిడ్డను, జనము చాలరని, టీకా వేయక త్రిప్పి పంపరాదు.

4. సీసాపై వలయములో ఒక చతురస్రము గుర్తు ఉండును. ఆ చతురస్రము రంగు ముదిరి వలయముతో సమానమైనచో ఆ మందు పనికిరాదు. ఈ గుర్తును చూపుమని అడుగుట తప్పు కాదు.

5. వదంతులు పుట్టినచో సభ్యుడు తన యింటి బిడ్డలకే మొదట టీకా వేయింపవలెను. ఉపన్యాసముకంటె ఇది ఎక్కువ పనిచేయును.

దాత ఔదార్యము విమానాశ్రయము వరకును, ప్రభుత్వ యత్నము ఆరోగ్య కేంద్రము వరకును మందును చేర్చగలవు. అచ్చటినుండి బిడ్డ చేతి వరకు గల దూరము స్వల్పమే యైనను, నైజీరియాలోను, కాంగోలోను మందు ఆగిపోయినది ఆ కడపటి దూరముననే. రాబోవు పంచాయతీ సమావేశమున టీకా దినపు ఏర్పాట్లను చర్చనీయాంశముగా చేర్చి, ఏ వార్డు బాధ్యత ఎవరిదో అచ్చటనే నిర్ణయించుకొనుట ఉచితము.