జ్వాలాపురం బూడిద

చి. లహరికి,

74 వేల ఏళ్ల కిందట ఒక అగ్నిపర్వతం పేలి మనుషులు దాదాపు అంతరించిపోయారట, నిజమేనా అని అడిగావు. పేలుడు నిజమే తల్లీ. సుమత్రా దీవిలోని తోబా అది. గడిచిన 20 లక్షల ఏళ్లలో అంత పెద్దది మరొకటి లేదంటారు. మనుషులు కొద్ది వేలమందే మిగిలారన్నది మాత్రం 1998లో పరిశోధకుడు స్టాన్లీ ఆంబ్రోస్ గట్టిగా ముందుకు తెచ్చిన ఊహ. సూర్యరశ్మి అందక ఏళ్ల తరబడి భూమి చల్లబడిందని ఆయన వాదన.

దాన్ని పరీక్షించడానికి పనికొచ్చిన చోటు మన నంద్యాల జిల్లాలోనే ఉంది. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురం. తోబాకు ఇది సుమారు 2,600 కిలోమీటర్ల దూరం. అయినా ఇక్కడ తోబా బూడిద ఒకచోట రెండున్నర మీటర్ల మందాన ఉంది. అదంతా ఆకాశం నుంచి రాలిందనుకోకు. నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే. మిగతాది చుట్టుపక్కల పడి, వాన నీటికి కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంది.

పురావస్తు పరిశోధకులు మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్, వాళ్ల బృందం ఆ పొరకు కిందా పైనా తవ్వి చూశారు. రెండుచోట్లా రాతి పనిముట్లు దొరికాయి. తీరు కూడా దాదాపు ఒకటే. అంటే పేలుడు తర్వాతా ఇక్కడివాళ్లు బతికారని వాళ్ల వాదన. 2007లో ‘సైన్స్’ పత్రికలో ఆ సంగతి ప్రకటించారు.

ఆ పొరల వయసు ఎలా తెలిసిందో శ్రద్ధగా చదువు, నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది అదే. మట్టిలో పూడిపోయిన ఇసుక రేణువు, చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత వల్ల కొద్దికొద్దిగా శక్తిని దాచుకుంటుంది. ఎండ తగిలితే ఆ నిల్వ ఖాళీ అయిపోతుంది. అందుకే నమూనాను వెలుతురు సోకకుండా తీసి, చీకటి గదిలో దానిమీద కాంతి ప్రసరింపజేస్తారు. దాచుకున్న శక్తి సన్నటి వెలుగుగా బయటికొస్తుంది. దాన్ని కొలిచి, ఆ రేణువు ఎండ చూసి ఎన్నాళ్లయిందో లెక్కగడతారు. బూడిద కింద 77 వేల ఏళ్లు, పైన 74 వేల ఏళ్లు వచ్చింది, ఆరేడు వేలు అటూ ఇటూగా. ఆ ‘అటూ ఇటూ’ను మింగేసి అంకె ఒక్కటే చెప్పేవాళ్లను నమ్మకు.

అంతటితో వాదం ముగియలేదు. 2009లో మార్టిన్ విలియమ్స్, ఆయన సహచరులు బంగాళాఖాతం అడుగున దొరికిన పుప్పొడినీ, మధ్య భారతంలోని పాత మట్టినీ పరీక్షించి, పేలుడు తర్వాత ఇక్కడ అడవులు తగ్గి గడ్డిభూములు పెరిగాయన్నారు. ఇక జ్వాలాపురంలో ఆ బూడిద కిందా పైనా దొరికిన పనిముట్లతో పాటు మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. వాటిని చేసింది మనలాంటి మనుషులేనా, అంతకు ముందరి జాతా అన్నది నేటికీ తేలలేదు. ఆఫ్రికా పనిముట్లతో పోలిక ఉంది కాబట్టి మనవాళ్లే అని ఒకరంటే, మనవాళ్లు ఇక్కడికి చాలా తర్వాత వచ్చారని మరొకరంటారు.

2020లో మధ్యప్రదేశ్ సోన్ లోయలోని ధాబా తవ్వకాలు కూడా తోబాకు ముందూ తర్వాతా మనుషులు ఆగకుండా ఉన్నారనే చెప్పాయి. 2024లో ఇథియోపియా నుంచి ఇంకో వార్త: తోబా పేలిన కాలంలో అక్కడివాళ్లు ఎండకాలపు కరువులో, ఏరు ఎండి మిగిలిన మడుగుల్లో చేపలు పట్టుకుని బతికారు. ఊహ పూర్తిగా తప్పని ఇవేవీ చెప్పవు. మనుషులు అన్నిచోట్లా అంతరించే దాకా వెళ్లారనడం మాత్రం ఇప్పుడు కష్టం.

ఇక నీకు నా ప్రశ్న. బూడిద పైనా కిందా ఒకే తీరు పనిముట్లున్నంత మాత్రాన అదే జనం బతికిందనగలమా? మొదటివాళ్లు చనిపోయి, కొన్ని వందల ఏళ్లకు అదే విద్య తెలిసిన వేరేవాళ్లు వచ్చి ఉంటే ఆ మట్టిలో తేడా ఎలా కనిపిస్తుంది? ఆలోచించి రాయి.

ప్రేమతో,
తాతయ్య