పడవ మరమ్మతు: ఏది ముందు? ఏది దండగ?

నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా మన కొమరాడ వైపు దిగి, తోటపల్లి దాటి శ్రీకాకుళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంతెన లేని రేవుల్లో ఈ ఏరు దాటించేది నాటు పడవే. ఉన్న కాసిన్ని డబ్బుల్తో ఆ పడవకు ఏ పని ముందు చేయించాలో తేల్చడానికి మన తరగతిలో చదివిన భౌతికశాస్త్రం చాలు.

పడవ అడుగు 6 మీటర్ల పొడవు, సగటున 1.2 మీటర్ల వెడల్పు అనుకుందాం. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం అది 1 సెం.మీ. దిగాలంటే 72 కిలోల బరువు పడాలి. నీటిమట్టానికి 15 సెం.మీ. కింద 1 చదరపు సెం.మీ. కంత ఉంటే, టారిచెల్లి సూత్రం చొప్పున నిమిషానికి దాదాపు 10 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. పది నిమిషాల ప్రయాణానికి 100 లీటర్లు. ఒకడు డబ్బాతో తోడేస్తే సరి! కాని కంత వ్యాసం రెట్టింపైతే నీరు నాలుగు రెట్లు. అంత నీరు ఒక పక్కకు పరుగెడితే పడవ ఒరుగుతుంది. కనుక కారుతున్నదా అని కాదు, కంత పెరుగుతున్నదా అని చూడాలి.

వేసవిలో ఒడ్డున ఎండిన పడవ పలకలు కుదించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. నీటిలో వేసిన కొత్తలో కారినా, చెక్క ఉబ్బాక చాలామట్టుకు మూసుకుంటాయి. ఎండినప్పుడే పీచు బిగించి కూరితే, ఉబ్బే చెక్కకు చోటు లేక మేకులు కదులుతాయి. డబ్బు పెట్టి చెడగొట్టుకోవడమన్న మాట. తుప్పుపట్టిన ఇనుప మేకు అలాంటిది కాదు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి, చెక్కను చీలుస్తుంది. దాన్ని వాయిదా వేయకూడదు.

సముద్రపు కర్ర పడవల్ని తొలిచే ‘ఓడపురుగు’ నిజానికి పురుగు కాదు, ఆలుచిప్పల జాతి. అది ఉప్పునీటి జీవి. దానికోసం కోస్తాలో పూసే పూతలు మన ఏటికి అనవసరం. ఇక్కడి శత్రువు బూజుజాతి శిలీంధ్రం. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటితేనే దానికి బతుకు. తడి పలక మీద తారు పూస్తే తేమను లోపల బంధించినట్టే. రంగు సంగతి సరేసరి. మా ఊళ్లలో బండికి ఇరుసు చూశాకే పక్క కర్రలకు రంగేస్తారు.

పలకను ఊచతో పొడిచి చూడండి. ఒకటి రెండు పలకలు మెత్తబడితే మార్చవచ్చు. వాటిని పట్టి ఉంచే అడ్డుకర్రలే మెత్తబడితే కొత్త పలకకు కొట్టిన మేకు నిలవదు. ఆ పడవకు ఇక రూపాయి పెట్టకుండా కొత్త పడవకు దాచుకోవడమే మేలు. అందాకా మరో దారి లేకపోతే మనుషుల్ని తగ్గించాలి. మనిషికి 55 కిలోల చొప్పున ఐదుగురు తగ్గితే పడవ దాదాపు 4 సెం.మీ. పైకి తేలుతుంది.