పక్షులు, సీతాకోకచిలుకల సంఖ్య ఎందుకు మారుతుంది?

పక్షులు, సీతాకోకచిలుకలు తగ్గిపోతే వాతావరణాన్ని మాత్రమే కారణంగా చూపడం సగం సమాధానమే. దెబ్బ తీసేది వాతావరణమైనా, తేరుకోవడం ఆ జాతి లక్షణాలను బట్టి ఉంటుంది. 1962-63 శీతాకాలంలో బ్రిటన్ గడ్డకట్టినప్పుడు రెన్ పిట్టలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. సుమారు 10 గ్రాముల వాటి శరీరం వేడిని త్వరగా కోల్పోతుంది; మంచు కప్పిన నేలలో పురుగులు దొరకవు. అయినా ఏడాదికి రెండు విడతలుగా, విడతకు అయిదారు గుడ్లు పెట్టే ఈ పిట్ట కొన్నేళ్లకే కోలుకుంది.

అదే బ్రిటన్‌లో లార్జ్ బ్లూ సీతాకోకచిలుక మాత్రం తనంతట తాను కోలుకోలేదు. దాని గొంగళిపురుగు ఒక రకం ఎర్రచీమల పుట్టలోనే పెరగాలి. ఆ చీమలకు ఎండ తగిలే పొట్టిగడ్డి నేల కావాలి. 1950లలో మిక్సోమటోసిస్ వ్యాధితో గడ్డి మేసే కుందేళ్లు చనిపోయాయి, పశువులను మేపడం కూడా తగ్గింది. గడ్డి ఎదిగి నేల చల్లబడింది, ఆ చీమలు తగ్గిపోయాయి. 1975-76 కరవు మిగిలిన సీతాకోకచిలుకలను మరింత కుంగదీసింది. 1979లో ఈ జాతి బ్రిటన్‌లో అంతరించింది. అసలు కారణం ఆవాస నష్టమే కదా అని వాదించవచ్చు. నిజమే, కానీ ఒకే రకం చీమపై ఆధారపడే లక్షణం వల్లనే గడ్డి కాస్త పెరగడం కూడా ప్రాణాంతకమైంది. 1983 నుంచి స్వీడన్ సంతతిని తెచ్చి, పశువులను మేపడం పునరుద్ధరించిన నేలల్లో వదిలాక ఈ జాతి మళ్లీ నిలదొక్కుకుంది. అందుకే వీటి సంఖ్య ఎందుకు మారుతుందన్న ప్రశ్నకు జవాబులో వాతావరణం, ఆవాసం, జాతి లక్షణం మూడింటినీ కలిపి వివరించాలి. పరిరక్షణకూ అదే సరైన దారి.