అడవి పందుల నివారణలో రైఫిల్ స్కోపు: ఎంపిక, అమరిక, సంరక్షణ

పంటను ధ్వంసం చేసే అడవి పందిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద లిఖితపూర్వక అనుమతి ఉన్నప్పుడే కాల్చవలెను. గురి తప్పి గాయపడిన పంది మొక్కజొన్న చేలోనే నక్కి, మరునాడు కూలీల మీద పడవచ్చును. కావున స్కోపు ఎంపిక కీలకం.

పందులు మునిమాపు వేళ చేలోకి దిగుతాయి. వస్తుకటకం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజపు వెడల్పు వస్తుంది. 40 మి.మీ. కటకం 4 రెట్ల వద్ద 10 మి.మీ., 10 రెట్ల వద్ద 4 మి.మీ. పుంజాన్నే ఇస్తుంది. మసక వెలుతురులో కంటిపాప సుమారు 5–7 మి.మీ. వరకు విప్పారుతుంది గనుక అధిక ఆవర్ధనంపై మోజు అనవసరం.

రింగుల మరలను మార్చి మార్చి, సమంగా బిగించవలెను. కంటికి, స్కోపుకు నడుమ సుమారు 9 సెం.మీ. ఎడం లేనిచో తుపాకి వెనుదన్నుకు కనుబొమ చిట్లుతుంది. తుపాకి కిందపడిన ప్రతిసారీ గురిని మరల సరిచూడవలెను. కటకంపై దుమ్మును మెత్తని కుంచెతో దులపవలెను. చొక్కా అంచుతో తుడిస్తే పూతపై గీతలు పడతాయి.