అబ్దుల్ అంటే సగం పేరే

సింగరేణిలో మారుపేర్ల గోస గోదావరిఖనిలో అందరికీ తెలిసిందే. ఒక పేరుతో బాయిలో చేరి, ఇంకో పేరుతో ఊళ్లో బతికినవాళ్ల పిల్లలు డిపెండెంట్ ఉద్యోగం కోసం ఏళ్లతరబడి తిరిగారు. ముస్లిం కార్మికుల ఇళ్లకు ఈ చిక్కు ఇంకో దారిలో వస్తుంది. అక్కడ మారుపేరు ఉండనక్కర్లేదు. ఉన్న ఒక్క పేరే ఫారం-బి రిజిస్టరులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో మరోలా పడితే చాలు. ఆ పేర్లు అరబ్బీలో ఎలా అల్లుకుంటాయో రాసేవాళ్లకు తెలియకపోవడం వల్లే చాలా తప్పులు దొర్లుతున్నాయని నా నమ్మకం.

అన్నిటికన్నా ఎక్కువగా తెగిపోయేది అబ్దుల్. ‘అబ్ద్’ అంటే దాసుడు. ‘ఉల్’ దాన్ని తర్వాతి మాటతో ముడివేస్తుంది. ఆ తర్వాత అల్లా గుణనామాల్లో ఒకటి రావాలి. కరీం అంటే ఉదారుడు, గఫూర్ అంటే క్షమించేవాడు, ఖాదర్ అంటే సర్వశక్తుడు. అబ్దుల్ కరీం అంటే ఆ ఉదారుడి దాసుడు, మన రామదాసు లాంటి పేరే. అబ్దుల్‌ను ఒక గడిలో, కరీంను ఇంకో గడిలో వేస్తే పేరు రెండు ముక్కలవుతుంది. ర, స వంటి అక్షరాల ముందు ‘ల’ పలుకు మారుతుంది కూడా. అందుకే అబ్దుల్ రహమాన్, అబ్దుర్ రహ్మాన్ ఒకే పేరు. కంప్యూటరుకు మాత్రం ఇద్దరు మనుషులు.

మొయినుద్దీన్, ఖైరున్నీసా వంటివీ అంతే. దీన్ అంటే ధర్మం, నిసా అంటే స్త్రీలు. మధ్యలో విరవకూడదు.

ఇక ‘ఎండీ’. మహమ్మద్ అంటే ఎంతో స్తుతి పొందినవాడు. అహ్మద్, మహమూద్, హమీద్ కూడా ఆ ధాతువులోంచే పుట్టాయి. తెలుగు ఇంటిపేర్ల అలవాటులో మహమ్మద్‌ను ఎం, డి అని రెండు పొడి అక్షరాలుగా విడగొట్టేస్తున్నారు. దాన్ని పూర్తిగా రాయించుకోండి. షేక్ అంటే పెద్ద, సయ్యద్ అంటే ప్రభువు. ఇవి గౌరవపదాలుగా మొదలై మన దగ్గర ఇంటిపేర్ల స్థానంలో కూర్చున్నాయి. ఖాన్, బేగ్ తుర్కుల మాటలు, ఖాజా, దస్తగిరి పారశీకానివి. తండ్రి షేక్ మహబూబ్, కొడుకు మహమ్మద్ ఇమ్రాన్ కావచ్చు. ఇంటిపేరు కలవలేదని వాళ్లు తండ్రీకొడుకులు కారని అనుమానించడం అన్యాయం.

పేరు చూసి మతం గడి నింపే అలవాటు కూడా మానాలి. పీర్ల పండుగ నాడు పుట్టిన హిందువుల పిల్లలకు ఉసేనయ్య, ఉసేనమ్మ అని పెట్టుకున్న ఊళ్లు మనవే. అన్నారం యాకూబ్ షావలి దర్గాకు మొక్కుకుని యాకయ్య, యాకమ్మ అని పిలుచుకున్న ఇళ్లూ ఉన్నాయి.

పేరు సరిచేసుకోవాలంటే ముందు ఒక కాగితాన్ని ఆధారంగా ఎంచుకోండి. పదో తరగతి మెమో ఉంటే అదే మేలు. లేకపోతే సర్వీసు రికార్డు. మిగతావన్నీ దానికి సరిపోవాలి. ఆధార్‌లో పేరు మార్పుకు మామూలుగా రెండుసార్లే అవకాశం ఉంటుంది. ఎవరో చెప్పిన స్పెల్లింగు కోసం ఒకదాన్ని పోగొట్టుకోకండి. సీఎంపీఎఫ్ (బొగ్గుగనుల భవిష్యనిధి) నామినేషన్‌లో భార్య పేరు బీ అని ఉందా, బేగం అని ఉందా చూడండి. ఆమె ఆధార్‌లో ఉన్నట్టే అక్కడా ఉండాలి. ఈపీఎఫ్ కిందికి వచ్చే కాంట్రాక్టు కార్మికులు యజమానితో కలిసి జాయింట్ డిక్లరేషన్ ఇచ్చి పేరు దిద్దుకోవచ్చు. ఇదంతా మీరు పనిలో ఉండగానే జరగాలి. మీ తర్వాత ఆ తిరుగుడంతా మీ భార్య మీదే పడుతుంది.

గల్ఫ్‌కు వెళ్లే పిల్లలున్నవాళ్లు పాస్‌పోర్టు దగ్గర ఇంకా జాగ్రత్తపడాలి. ఒకే మాట పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిపై యూఏఈ 2022 నవంబరులో ఆంక్ష పెట్టింది. దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. అలాగని దాన్ని నింపడానికి అబ్దుల్ కరీంను విరగ్గొట్టకండి. మహమ్మద్, షేక్ వంటివి మీ కాగితాల్లో ఉంటే అవే అక్కడ వేయించండి.

గని ఆఫీసుల్లో కాగితాలు నింపే గుమస్తాలకు, వెల్ఫేర్ ఆఫీసర్లకు ఒక్క విన్నపం. కార్మికుణ్ని పూర్తి పేరు అడగండి, రాసింది ఆయనకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం పెట్టించుకోండి.