చీరలు గిన్నెలవాడికి వెయ్యకు నాన్నా

చిరంజీవి చిన్నాకి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ పెదనాన్నకి మోకాలి నొప్పి తగ్గలేదు గానీ, పొద్దున్నే పాలకేంద్రం దాకా నడిచి వస్తున్నారు. మృగశిర పొడిగానే వెళ్ళిపోయింది, ఆరుద్రలో గానీ నాలుగు చినుకులు రాలలేదు. ఇప్పుడు మాత్రం రోజూ సాయంత్రానికి మబ్బు కమ్ముకొస్తోంది. ఊళ్ళో నారు పోస్తున్నారు. పెరట్లో బీర, పొట్ల, ఆనప గింజలు పెట్టించాను. ఆవకాయ జాడీ, మాగాయ సీసా పక్కింటి అబ్బాయి హైదరాబాదు వస్తుంటే ఇచ్చి పంపాను. అందాయో లేదో ఒక్క మాట చెప్పలేదు నువ్వు. పనిలో పడి మర్చిపోయుంటావులే. జాడీలో తడి గరిటె పెట్టనివ్వకు. పైన నూనె తేలుతూ ఉండాలి, తగ్గితే నువ్వులనూనె పొయ్యండి.

ఇక అసలు సంగతి. మొన్న ఫోన్లో, "అమ్మ చీరలు బీరువా నిండా ఉన్నాయి పెద్దమ్మా, గిన్నెలవాడు వస్తే వేసేద్దామనుకుంటున్నాం" అన్నావు. నేను సరే అని ఊరుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. మా చెల్లి కట్టి విడిచిన చీరలకి వాడు ఓ స్టీలు డబ్బా చేతిలో పెడతాడు, మీరు అందులో కందిపప్పు పోసుకుంటారు. నా మనసు ఒప్పుకోలేదు. ఫోన్లో చెబితే గొంతు పూడుకుపోతుందని రాస్తున్నాను.

అలాగని కోడలిపిల్లని ఒక్క మాట అనకు. రెండు గదుల ఇల్లు, పిల్లదాని పుస్తకాలు పెట్టుకోవడానికి చోటు లేదు. మీ అమ్మ పోయిన కార్తికం నుంచి ఇప్పటిదాకా ఆ బీరువా తలుపు తియ్యనిదెవరు? నువ్వే. ఎవరో ఒకరు కదిలించాలిగా మరి. ఆ అమ్మాయి అడగడం న్యాయమే. వెయ్యడమే తప్పు.

దాచి తాళం వెయ్యడమూ తప్పేనని నాకు తెలుసు. మా అమ్మ పోయినప్పుడు నేను ఆ పనే చేశాను. ఆవిడ చీరలన్నీ ట్రంకు పెట్టెలో సర్ది, వేపాకు వేసి, ఏళ్ళతరబడి ఆ మూత తియ్యలేదు. తీసిన రోజున ప్రతి చీరా మడత మడతకీ చిరిగిపోయింది. జరీ నల్లబడింది. కట్టుకోవడానికీ కాలేదు, కుట్టుకోవడానికీ కాలేదు. ఎవరికీ ఇవ్వకుండా నేనే పాడుచేశాను. నువ్వు అలా చెయ్యకు.

ఆదివారం నువ్వూ కోడలూ కూర్చుని మూడు కుప్పలు పెట్టండి. పట్టుచీరలు కోడలివి. కట్టుకోమను, మొహమాటపడొద్దను. పాత ధోవతి ముక్కలో చుట్టి పెట్టి, అప్పుడప్పుడు తీసి మడత మార్చి వెయ్యండి. ఒకే మడతలో ఏళ్ళతరబడి ఉంటే జరీ అక్కడే తెగుతుంది. నైలెక్సు, జార్జెట్టు, పాలిస్టరు ఎవరైనా కట్టుకునేవాళ్ళకి ఇచ్చెయ్యండి, అవి బొంతకి పనికిరావు. చెమట పీల్చవు, కుట్టుకి నిలవక జారిపోతాయి. మూడో కుప్ప నూలు చీరలు. మీ అమ్మ ఇంట్లో కట్టుకున్నవి, మంగళగిరి నేతలు, వాయిళ్ళు, ఉతికి ఉతికి గంజంతా పోయి మెత్తబడ్డవి. వాటితో బొంత కుట్టు.

నువ్వే కుట్టు. నవ్వకు. బజారులో మిషన్ తొక్కేవాళ్ళలో సగంమంది మగవాళ్ళేగా!

నువ్వు పుట్టాక పడుకున్న మొదటి పక్క బొంతే. అది నేనూ మీ అమ్మా కలిసి కుట్టాం. వేసవి మధ్యాహ్నాలు, వడియాలు ఎండబెట్టి, కాకులు రాకుండా కాపలా కాస్తూ అరుగు మీద కూర్చునేవాళ్ళం. మా అమ్మ చీర పరిచి, నాలుగు మూలలా నాలుగు రుబ్బురాయి పొత్రాలో, ఇత్తడి చెంబులో ఏవో పెట్టి లాగి చదును చేసేది. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చేది ఆవిడ కుట్టు. మేమిద్దరం చెరో వైపు. మీ అమ్మ కుట్టు సన్నం, నాది గంతులు. మా అమ్మ ఏమీ అనేది కాదు గానీ, రాత్రి మేం పడుకున్నాక నా వైపు కుట్టు విప్పి మళ్ళీ వేసేది. ఎవరి చీర ఏ ముక్కో చూపించి చెప్పగలిగేవాళ్ళం అప్పట్లో. మేనత్త చీర, పురిటికి పెట్టిన చీర, తాతయ్య పంచె. ఇంట్లో అందరూ అందులో ఉండేవాళ్ళు.

మన ఒక్కళ్ళకే ఉన్న అలవాటు కాదిది. మీ పెదనాన్న రైల్వే ఉద్యోగం పుణ్యమా అని హుబ్బళ్ళిలో ఉన్నప్పుడు చూశాను. కన్నడంవాళ్ళు కౌది అంటారు, పక్కవాటాలో మరాఠీ ఆవిడ గోధడి అనేది. ఎల్లాపురం వైపు అడవి పల్లెల్లో సిద్దీల ఆడవాళ్ళు కుట్టే కౌదులు మరీ అందం. వాళ్ళ పూర్వులు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. పాత చీరల ముక్కలు రంగురంగులుగా అతికి, ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ మధ్యకి వస్తారు, అచ్చం మా అమ్మ పద్ధతే. ఆఖర్న నాలుగు మూలలా గుడ్డ మడిచి పువ్వుల్లా కుడతారు. ఆ పువ్వులు లేనిదే కౌది పూర్తి కాలేదంటారు. నీ బొంతకీ పెట్టు. మీ అమ్మ రవికెల ముక్కలు ఉంటాయిగా, పిల్లదాన్ని రంగులు ఏరమను.

ఎలా కుట్టాలో చెబుతాను, జాగ్రత్తగా చదువు. ముందు చీర కింద ఫాల్ విప్పదియ్యి. జరీ అంచు ఉంటే కత్తిరించు, ఒంటికి గీరుకుంటుంది. తడి తెల్లగుడ్డతో ప్రతి చీరా రుద్ది చూడు, రంగు అంటితే ఆ చీర పక్కన పెట్టు. లేకపోతే మొదటి ఉతుకుకే బొంతంతా ఎర్రగా అయిపోతుంది. వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, బాగా ఎండ కాసిన రోజున ఆరెయ్యి. ఇప్పుడు వానలు కదా, తొందరపడకు. పొరల్లో రవంత తడి ఉన్నా ముక్కవాసన పట్టుకుంటుంది, అది ఇక పోదు.

చీరని ముక్కలు చెయ్యక్కర్లేదు. ఐదున్నర మీటర్ల చీరని మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది, వెడల్పు నాలుగడుగులకి కాస్త తక్కువ. ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది. గట్టిగా ఉన్న చీర మడతల మధ్య బాగా చీకిన చీర మడతలు పెట్టు. రెండు చీరలు, ఆరు పొరలు. అంతకన్నా మందం వద్దు, కొత్తవాడివి, సూది దిగదు. పైట కొంగు పైకి కనబడేలా ఉంచు. నేల మీద పరిచి అరచేతులతో మధ్య నుంచి అంచులకి సవరించి, జానెడు ఎడంగా కచ్చాకుట్టు వేసెయ్యి. అప్పుడు ఎటు తిప్పినా పొరలు కదలవు. కుట్టు బయల్దేరాక ముడతలు సర్దుదామంటే కుదరదు. ఈ కచ్చాకుట్టు దగ్గర బద్ధకించకు.

దబ్బనం వద్దు. అది గోనెసంచులకి. నూలుచీరకి కన్నాలు పడిపోతాయి. బెజ్జం పెద్దగా ఉన్న పొడుగు సూది, లావు నూలుదారం కొనుక్కో. దారం మూరన్నరకి మించి తీసుకోకు, చిక్కుపడుతుంది. వేలికి తొడుగు పెట్టుకో, కీబోర్డు మీద ఆడే వేళ్ళు నీవి, పొక్కులొస్తాయి. వరసకీ వరసకీ రెండు వేళ్ళ ఎడం చాలు. వరసలు వంకరపోతే పోనీ. ఎన్ని వరసలుంటే లోపలి చీర అంత భద్రం, ఉతికినప్పుడు ఒకచోటికి పోగుపడదు.

రోజుకి రెండు వరసలు కుట్టు. రాత్రి అన్నాలయ్యాక ఆ ఫోన్ చూస్తూ ఒంటిగంట దాకా మేలుకుంటావని కోడలు చెప్పింది. ఆ పిల్ల చాడీలు చెప్పలేదు, భయపడి చెప్పింది. నీకు నిద్ర పట్టడం లేదని నాకు తెలుసు చిన్నా. తల్లి పోయినవాడికి నిద్ర ఎలా పడుతుంది? కానీ ఆ చీకట్లో ఒక్కడివీ ఫోన్ వెలుగులో కూర్చుంటే దుఃఖం తగ్గదు, కళ్ళు పోతాయి. దీపం వేసుకుని మీ అమ్మ చీర ఒళ్ళో పెట్టుకో. ఏడుపొస్తే ఏడువు. ఎవరూ చూడరు, చూసినా తప్పేం లేదు. ఆ చీరని తాకడానికి ఎనిమిది నెలలుగా భయపడుతున్నావు. చేతిలో సూది ఉంటే ఆ భయం కాస్త తగ్గుతుంది.

బాల్కనీలో మీ అమ్మ కుండీల సంగతి కూడా చెప్పు. కరివేపాకు ఆకు పసుపుపచ్చగా మారి రాలుతోందన్నావు. వానపడుతున్నా రోజూ చెంబుడు నీళ్ళు పోస్తున్నావు కదూ? మొక్కని చంపుతావురా. వేలు మట్టిలో గుచ్చి చూడు, తడి తగిలితే పొయ్యకు. కుండీ అడుగున బెజ్జం పూడుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడు. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. వేరు బాగుంటే చివుళ్ళు తుంచు, పక్కకొమ్మలు వస్తాయి.

వంటింటి అలమరలో, పై అరలో, హార్లిక్సు సీసాలో బూడిద కలిపిన గింజలుంటాయి. అవి పాదు చిక్కుడు. పురుగు పట్టకుండా బూడిద కలిపి దాచింది మీ అమ్మ. ఈ విత్తనం మా అమ్మ పెరటిది, ఏటేటా మేమిద్దరం పంచుకునేవాళ్ళం. ఈ నెల దాటనివ్వకు, పెద్ద కుండీలో రెండు గింజలు పెట్టి గ్రిల్లుకి తాడు కట్టు. తీగ దండిగా పాకుతుంది, శ్రావణం వెళ్తుంది, భాద్రపదం వెళ్తుంది, పువ్వు రాదు. విసుగొచ్చి పీకెయ్యకు. పగటిపొద్దు తగ్గితే గానీ పాదు చిక్కుడు పూతకి రాదు, దాని తత్వమే అంత. కార్తికంలో ఊదారంగు గెలలు వేస్తుంది. చలికి పేనుబంక పడితే సబ్బునీళ్ళలో కాస్త వేపనూనె కలిపి ఆకు అడుగున చల్లు. మందులు కొట్టకు, పిల్లది కాయలు కోసి పచ్చివే కొరుకుతుంది.

మల్లె కుండీ జోలికి ఇప్పుడు పోవద్దు. మార్గశిరంలో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించు. కొత్త చివురుకే మొగ్గ వస్తుంది. కత్తిరించకపోతే వేసవికి ఆకులే మిగులుతాయి.

ఏటిసూతకం అని ఈ ఏడాది పండగలన్నీ మానేశారు, సరే. ఉగాదికి పచ్చడి కూడా చెయ్యలేదని విన్నాను. పద్ధతి పద్ధతే. కానీ మొక్కలకి సూతకం లేదు, పసిపిల్లకీ లేదు. ఆషాఢం వెళ్ళేలోపు దానికి గోరింటాకు పెట్టండి. కోన్ కాదు, ఆకు తెచ్చి రుబ్బి పెట్టండి. మునగాకు పప్పులో వెయ్యమను కోడల్ని. వాన రోజున పిల్లది బజ్జీలు అడిగితే చేసిపెట్టండి. నాయనమ్మ లేదని ఇంట్లో నూనె మూకుడు కూడా ఎక్కకపోతే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది చెప్పు? మాఘం వచ్చేసరికి సూతకం తీరిపోయి ఉంటుంది. రథసప్తమినాడు మీ అమ్మ చేసినట్టే బాల్కనీలో పాలు పొంగించి, చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టండి. ఆకులు మీ తీగవే అవుతాయి.

సంవత్సరీకానికి మేమిద్దరం ముందుగానే వస్తాం. అప్పటికి అక్కడ చలి మొదలవుతుంది, హైదరాబాదు చలి మా గోదావరి చలికన్నా గట్టిది. పెదనాన్న మోకాళ్ళకి కప్పడానికి ఆ బొంత సిద్ధంగా ఉండాలి. పూర్తికాకపోతే మిగిలింది నేను కుడతాను, నా కుట్టు ఇప్పుడు సన్నంగానే వస్తోంది.

కోడలికి, పిల్లదానికి నా ముద్దులు. నువ్వు ఎర్రంచు తెల్లచీర ఒకటి చూస్తావు, చిన్న మాటు వేసి ఉంటుంది. దాన్ని మాత్రం కుట్టకు, నాకు ఉంచు. మిగతా వాటిలో దేన్ని మడత పెట్టబోయేముందైనా ఒకసారి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ పెద్దమ్మ